పాపం, నెట్ కంపెనీలు!

రైతు బాధ రాసేవాళ్ళు ఉన్నారు, నేతన్న బాధ రాసేవాళ్ళు ఉన్నారు. ఇంటింటికీ ఇంటర్నెట్ మోసుకొచ్చే కంపెనీల బాధ రాసే నాథుడే లేడు. ఆ లోటు తీర్చడానికి తిరుపతి నుంచి నేను పూనుకున్నాను. రాయమని వాళ్ళేమీ అడగలేదు. అడిగితే డబ్బివ్వాల్సి వస్తుందని కాబోలు.

వాళ్ళ బాధ పేరు నెట్ న్యూట్రాలిటీ. 2003లో టిమ్ వూ అనే అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు ఈ మాటను వాడుకలోకి తెచ్చాడు. తీగ నీదే కావచ్చు, ఆ తీగలో పోయేదాని మీద మాత్రం నీకు పెత్తనం లేదు అన్నది దాని సారం. ఒక సైట్‌ను ఆపకూడదు, ఇంకోదాన్ని నెమ్మది చేయకూడదు, డబ్బిచ్చినవాడి సైట్‌ను ముందుకు తోయకూడదు. చెప్పడానికి బాగానే ఉంటుంది. మీట చేతికి అందేంత దూరంలో పెట్టుకుని, నొక్కకుండా ఏళ్ళ తరబడి కూర్చోవడం ఎంత నరకమో ఎవరైనా ఆలోచించారా?

ఈ సిద్ధాంతం వల్ల మా ఊళ్ళో జరుగుతున్న నష్టం చూడండి. ప్రత్యేక ప్రవేశ దర్శనం రూ.300 టికెట్లను నెలకోసారి ఉదయం 10 గంటలకు ఆన్‌లైన్‌లో వదులుతారు. ఆ పూట తిరుపతి వాడికి ఉన్నంతమంది బంధువులు లోకంలో ఇంకెవరికీ ఉండరు. 'అబ్బోడా, నాలుగు టికెట్లు చూడు నాయనా, ఆధార్ నంబర్లు పంపిస్తా ఉండా' అని మదనపల్లె నుంచి మేనత్త. కొండ కింద ఉన్నాం కాబట్టి మాకు టికెట్ తొందరగా దొరుకుతుందని ఆమె నమ్మకం. నిజమేమిటంటే చిలకలూరిపేటలో ఉన్నవాడికీ, చికాగోలో ఉన్నవాడికీ, కొర్లగుంటలో ఉన్న నాకూ తెర మీద తిరిగేది ఒకటే చక్రం. ఎంత అన్యాయం! అంతకంటే ముఖ్యంగా, ఎంత నష్టం!

న్యూట్రాలిటీ లేకపోతే ఏం చేయవచ్చో కంపెనీలకు ఉచితంగా చెబుతున్నాను. 'దర్శనం ప్యాక్', నెలకు రూ.49 మాత్రమే. కట్టినవాళ్ళకు పేజీ 10 గంటలకు తెరుచుకుంటుంది. కట్టనివాళ్ళకు 10 గంటల 7 నిమిషాలకు. ఎవరినీ ఆపడం లేదని గమనించాలి. ఏడు నిమిషాల ఆలస్యం, అంతే. ఈలోగా కోటా అయిపోతే అది కంపెనీ తప్పెలా అవుతుంది? ఏడాది తిరిగేసరికి ఊరంతా రూ.49 కడుతుంది. అందరూ కట్టాక అందరికీ మళ్ళీ అదే చక్రం. అప్పుడు 'దర్శనం ప్లస్', రూ.99. ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. ప్లస్ అమ్ముడుపోవాలంటే మామూలు లైను బాగా పనిచేయకూడదు. అది బాగుంటే ప్లస్ కొనేదెవరు? కాబట్టి మామూలు లైనును బాగుచేయకుండా ఉంచడానికి కూడా కంపెనీ కొంత శ్రద్ధ పెట్టాల్సి వస్తుంది. ఈ శ్రమ ఎవరి కంటికీ కనబడదు.

ఇంత చక్కని వ్యాపారాన్ని చెడగొట్టిందెవరంటే, జనమే. 2014 డిసెంబర్‌లో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు విడిగా ఛార్జీ అంది. గోల లేచింది, కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గింది. 2015 మార్చిలో టెలికాం కంపెనీలను అదుపులో ఉంచే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ ఈ విషయం మీద ఒక చర్చాపత్రం విడుదల చేసి అభిప్రాయాలు చెప్పమంది. వందకు పైగా పేజీల పత్రం కదా, ఎవడు చదువుతాడులే అనుకుని ఉంటారు. 10 లక్షలకు పైగా ఈమెయిళ్ళు వచ్చిపడ్డాయి. ట్రాయ్ ఏం చేసింది? ఉత్తరాలతో పాటు రాసినవాళ్ళ ఈమెయిల్ అడ్రసులను కూడా తన వెబ్‌సైట్‌లో పెట్టేసింది. ఇంటర్నెట్ అందరికీ సమానంగా అందాలని కోరినందుకు, ప్రకటనల ఉత్తరాలు అందరికీ సమానంగా అందే ఏర్పాటు అన్నమాట.

ఆ తరువాత ఫేస్‌బుక్ వారి ఫ్రీ బేసిక్స్. రిలయన్స్ కమ్యూనికేషన్స్ సిమ్ ఉంటే, వాళ్ళ షరతులకు ఒప్పుకున్న కొన్ని సైట్లు ఉచితం. మిగతా ఇంటర్నెట్‌కు డబ్బులు. పేదవాడి కోసమే అన్నారు. పేదవాడు చదివే పేపర్లలోనే కాకుండా ఇంగ్లిష్ పేపర్లలో కూడా పేజీలకు పేజీలు ప్రకటనలిచ్చారు. ట్రాయ్‌కి ఉత్తరం రాయమని వాడకందారుల ముందు ఒక తయారు ఉత్తరం పెట్టారు. లక్షల మంది మీట నొక్కారు. తీరా చూస్తే అడిగిన ప్రశ్నలకు అందులో జవాబే లేదని ట్రాయ్ తేల్చింది. 2016 ఫిబ్రవరి 8న, ఏ సైట్ చూస్తున్నావన్నదాన్ని బట్టి డేటాకు వేరువేరు ధరలు పెట్టకూడదని నిషేధం వచ్చింది.

ఆ దెబ్బ మా చిత్తూరు మామిడి రైతుకు ఎంత తగిలిందో ఢిల్లీ వాళ్ళకు తెలియదు. తోతాపురి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ నిలబెట్టుకుని, దాని నీడలో కూర్చుని రైతు ఏం చేస్తాడు? ఫోన్ చూస్తాడు. కృష్ణగిరిలో కిలో ఎంత, బంగారుపాళ్యంలో ఎంత, పక్క ఫ్యాక్టరీ టోకెన్లు ఇస్తోందా అని వాట్సాప్ గ్రూపుల్లో వెతుకుతాడు. 2025 సీజన్లో ఫ్యాక్టరీ రూ.8, ప్రభుత్వం రూ.4, వెరసి కిలోకు రూ.12 అన్నారు. చేతికి ఎంత వచ్చిందో ఒకరినొకరు అడిగి తెలుసుకున్నారు, రోడ్డెక్కారు. ఇంత రక్తపోటు దేనికి? ఫ్యాక్టరీల వాళ్ళు ఒక యాప్ పెట్టి, నెట్ కంపెనీతో మాట్లాడుకుని, దాన్ని మాత్రం రైతుకు పూర్తిగా ఉచితం చేస్తే సరిపోయేది. అందులో ఒకే ధర కనిపిస్తుంది. పోల్చుకోవడానికి ఇంకో ధర ఉండదు కాబట్టి బాధా ఉండదు. వాట్సాప్ కావాలంటే డేటా వేయించుకోమను. ఉచితంగా ఇస్తుంటే వద్దనే రైతు ఉంటాడా? ఉండడనే కదా, ట్రాయ్ అంత పని చేసింది!

2018లో న్యూట్రాలిటీని ఏకంగా లైసెన్సు షరతుల్లోనే చేర్చారు. మన నియమాలు ప్రపంచంలోనే గట్టివని అప్పట్లో పొగిడారు. దూరం నుంచి చేసే శస్త్రచికిత్సలు, డ్రైవరు లేని వాహనాల వంటి ప్రత్యేక సేవలకు మినహాయింపు ఉంచారు. వాయిదా వేస్తే ప్రాణం మీదికి వచ్చే పనులని కారణం. మా మేనత్తకు దర్శనం టికెట్ దొరక్కపోతే ఎవరి ప్రాణం మీదికి వస్తుందో ఆ అధికారులకు ఎవరు చెప్పాలి?

అమెరికా సంగతి చెప్పుకోవాలంటే, 2015లో నియమం పెట్టారు, 2017లో తీసేశారు, 2024లో మళ్ళీ పెట్టారు, 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. అక్కడి కంపెనీలకు కనీసం ఆశ అనేది ఉంది.

మనవాళ్ళు ఇప్పుడు వేరే దారి వెతుకుతున్నారు. వీడియోలు చూపించే పెద్ద పెద్ద సంస్థలు మా నెట్‌వర్కు మీద అంత బరువు మోపుతున్నాయి కాబట్టి ఖర్చులో వాటా ఇవ్వాలని సెల్యులార్ ఆపరేటర్ల సంఘం అడుగుతోంది. ఆ వీడియో చూడటానికి మనం ముందే రీఛార్జ్ చేశాం కదా అని కొందరి అభ్యంతరం. వీళ్ళు రేణిగుంట రోడ్డులో ఎప్పుడూ ప్లాటు కొన్నట్టు లేరు. అమ్మినవాడి దగ్గరా, కొన్నవాడి దగ్గరా తీసుకోకపోతే వాడు బ్రోకరే కాదు.

ఇంతకీ చట్టం ఇంత గట్టిగా ఉంటే కంపెనీలు ఎలా బతుకుతున్నాయని మీకు దిగులు పుట్టవచ్చు. అక్కర్లేదు. చట్టం తీగలో పోయేదాని గురించి మాట్లాడింది. ఏ తీగ మా మెట్లెక్కాలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నిర్ణయిస్తుంది. మా భవనానికి ఒకటే కంపెనీ. రెండో కంపెనీ వాళ్ళు వస్తే గోడలు పాడవుతాయని గేటు దగ్గరే వెనక్కి పంపారు. సెక్రటరీ గారి ఇంటి కనెక్షన్‌కు బిల్లు రాదని వాచ్‌మన్ అంటాడు. వాచ్‌మన్ మాటలు నేను నమ్మను, కానీ గుర్తుపెట్టుకుంటాను. మొన్న నెట్ రాకపోతే లైను చూసే అబ్బాయి వచ్చాడు.

"స్పీడ్ టెస్టులో నూరు వస్తా ఉండాది గదనా, ఇంకేం ప్రాబ్లం?"

"స్పీడ్ టెస్ట్ వస్తా ఉండాది తమ్ముడూ. అదొక్కటే వస్తా ఉండాది."

"అయితే సైట్ ప్రాబ్లం నా."

"అన్ని సైట్లకీనా?"

"అన్ని సైట్లకీ ప్రాబ్లం ఉంటే మేమేం చేస్తాం నా?"

ఇందులో వివక్ష ఎక్కడుంది? అన్నీ సమానంగా ఆగిపోయాయి. ఇంతకంటే న్యూట్రాలిటీ ఏ దేశంలో ఉంది?

చివరగా, ఇంకా భయపడుతున్న కంపెనీలకు ఒక ధైర్యం మాట. 2016 నిబంధనలు మీరితే జరిమానా రోజుకు రూ.50 వేలు, మొత్తం మీద రూ.50 లక్షలు దాటకూడదు. లెక్క వేసుకోండి, నూరు రోజులు. నూటొకటో రోజు నుంచి తప్పు చేసుకోవడం పూర్తిగా ఉచితం. ఫ్రీ బేసిక్స్‌ను కాదన్న ట్రాయ్ చేతి నుంచే ఇంత మంచి అన్‌లిమిటెడ్ ప్యాక్ వచ్చింది. అలా మీరి పెట్టిన టారిఫ్‌ను వెనక్కి తీసుకోమని ఆదేశించే అధికారం ట్రాయ్‌కి ఉంది, కాదనను. కానీ నోటీసు రావాలి, జవాబుకు గడువు అడగాలి, ఆ గడువుకు ఇంకో గడువు అడగాలి. తోతాపురి సీజన్ ఎంత, గట్టిగా రెండు నెలలు. కాయంతా గుజ్జయి డబ్బాల్లోకి ఎక్కిన మర్నాడు యాప్‌ను వెనక్కి తీసుకుని, రైతు సోదరులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని ఒక ఎస్సెమ్మెస్ పంపితే సరి. అది మాత్రం అన్ని నెట్‌వర్కులకూ ఒకేసారి చేరేలా చూసుకోవాలి.