పట్టపగలే ఐదు చుక్కలు

ప్రయాణం కట్టే ముందు హోటళ్ళ ఆన్‌లైన్ రివ్యూలను ఎంతవరకు నమ్మవచ్చని ఈ మధ్య చాలామంది అనుమానపడుతున్నారు. నాకు అలాంటి అనుమానం ఎన్నడూ కలగలేదు. రివ్యూలో ఒకటి ఉండి హోటల్లో మరొకటి ఉంటే తప్పు హోటలుదే. ఎవరో అంత శ్రద్ధగా రాస్తే, దానికి తగ్గట్టు నడుచుకోవద్దా?

అసలు మంచి రివ్యూకు హోటలుతో పనే లేదని 2017లోనే లండన్‌లో రుజువైంది. ఊబా బట్లర్ అనే విలేకరి డల్విచ్‌లో తాను ఉంటున్న పెరటి షెడ్డును రెస్టారెంటుగా, జనం రివ్యూలు రాసే ట్రిప్అడ్వైజర్ వెబ్‌సైటులో నమోదు చేశాడు. వంటకాల ఫోటోలు కావాలి కదా, గడ్డం గీసుకునే నురగనూ, బ్లీచ్ బిళ్ళలనూ ముద్దుగా పేర్చి తీశాడు. తెలిసినవాళ్ళ చేత రివ్యూలు రాయించాడు. ఫోన్ చేసినవారికల్లా ఖాళీ లేదన్నాడు. వంటిల్లే లేనిచోట ఖాళీ ఎక్కడిది? ఆరు నెలల్లో ఆ షెడ్డు లండన్‌లోని వేలాది రెస్టారెంట్లను వెనక్కి నెట్టి మొదటి స్థానంలో కూర్చుంది. అప్పటిదాకా అక్కడ తిని ఒక్కరి కడుపైనా చెడలేదు. సాంబారు చల్లారిందన్న ఫిర్యాదూ లేదు. చివరికి ఒక్క రాత్రి నిజంగానే తలుపు తీసి, కొట్లో కొన్న చవక భోజనం వేడిచేసి పెడితే, మళ్ళీ వస్తామన్న అతిథులు కూడా ఉన్నారు.

ఈ ప్రక్రియ మనకు కొత్తేమీ కాదు. పెళ్ళిళ్ళ పేరయ్య "కుర్రవాడు మహా నిదానస్తుడండీ" అంటే నాలుగేళ్ళుగా ఉద్యోగం వెతుకుతున్నాడని మన పెద్దలు ఇట్టే పసిగట్టేవారు. ఇక్కడా అంతే. "ప్రకృతి ఒడిలో" అంటే దోమలు. "ప్రశాంతం" అంటే ఆటో దొరకదు. "సొంత ఇంట్లో ఉన్నట్టే ఉంది" అంటే తువ్వాలు మనమే తెచ్చుకోవాలి.

ఐదు స్టార్లకు ఒక్క చుక్కతో సరిపెట్టేవారి నిజాయతీ వేరు. తాజ్‌మహల్‌కూ ఒక్క చుక్క వేసిన మహానుభావులున్నారు. (శుక్రవారం అది మూసి ఉంటుంది. కట్టేటప్పుడు షాజహాన్ ఎవరినైనా అడగవలసింది.)

ప్రభుత్వం ఊరుకుందా? ప్రెషర్ కుక్కరుకు ఐఎస్ఐ ముద్ర వేసే భారత ప్రమాణాల సంస్థే రివ్యూలకూ ఒక ప్రమాణం తయారుచేసింది. దాని పేరు ఐఎస్ 19000:2022. డబ్బిచ్చి రాయించుకున్న రివ్యూలు కూడదంటూ 2022 నవంబరు 25న అమల్లోకి వచ్చింది. పాటించడం మాత్రం స్వచ్ఛందం. అంటే, ఇష్టమైనవారు నిజం చెప్పవచ్చు.

పోయిన చలికాలం అరకు వెళ్ళాను. 4.6 చుక్కల లాడ్జి, "కిటికీ తీస్తే లోయ" అని ముప్పై మంది సాక్ష్యం. తీశాను. చేతికందే దూరంలో పక్క మేడ మీది నల్లటి నీళ్ళ ట్యాంకు. గీజరు తనను ముట్టుకున్నవారికి షాక్ ఇస్తుందే తప్ప నీళ్ళకు వేడి ఇవ్వదు. పట్టపగలే చుక్కలు కనిపించాయి.

గది ఖాళీ చేస్తుంటే కౌంటరు దగ్గరి కుర్రవాడు నా ఆధార్ కార్డు చేతిలో పట్టుకునే, క్యూఆర్ కోడ్ ఉన్న అట్ట ముందుకు జరిపాడు.

"సార్, ఐదు స్టార్లు పెట్టండి సార్. ఈ నెలకు ఇంకా ఏడు రావాలి. తగ్గితే ఓనరు జీతంలో పట్టుకుంటారు."

నోట్‌బుక్కులో గీతలు చూపించాడు. అయిదేసి గీతల కట్టలు, చివరి కట్టలో మూడే ఉన్నాయి. నా ముందు నిలబడిన దంపతులు అప్పటికే ఫోన్లు తీశారు. రాత్రంతా నీళ్ళ కోసం అరిచింది వాళ్ళే.

నేనూ ఐదు పెట్టాను. అయితే అబద్ధం రాయడం నాకు చేతకాదు. "గదిలోంచి జలదృశ్యం. చేయి చాస్తే అందుతుంది" అని రాశాను.

సాయంత్రానికి అది పదకొండు మందికి ఉపయోగపడిందట.