కారు నడపలేనివాళ్ల సంగతేంటి?

కారు విలాసమా, అవసరమా అని అడిగితే చాలామంది డబ్బు లెక్కలోకి దిగుతారు. కొనే స్తోమత ఉంటే అవసరం, లేకపోతే విలాసం. నేను దీన్ని ఒప్పుకోను. మనం ఉండే ఊరిని ఎలా కట్టారో చూడకుండా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

అమెరికా సంగతే తీసుకోండి. ఇళ్లున్న చోట దుకాణాలు, ఆఫీసులు రాకుండా ఊళ్లు నిబంధనలు పెట్టుకోవచ్చని 1926లో అక్కడి సుప్రీంకోర్టు యూక్లిడ్ కేసులో తేల్చింది. 1956లో చేసిన చట్టంతో 41,000 మైళ్ల ఇంటర్‌స్టేట్ రహదారులకు దారి పడింది. పైగా ఏ భవనం కట్టినా ఇన్ని కార్లకు పార్కింగ్ చూపించాల్సిందే అన్న రూలు చాలా ఊళ్లలో వచ్చింది. దాంతో ఇల్లు ఒక మూల, ఆఫీసు ఇంకో మూల అయిపోయాయి. అలాంటి చోట కారు లేకపోతే ఉద్యోగమే ఉండదు. అక్కడ బతికేవాళ్లకు కారు విలాసమని చెప్పడం అన్యాయం. చిన్న జీతంలోంచి ఇన్సూరెన్స్, టైర్లు, రిపేర్లు, అప్పు వాయిదా కట్టేవాళ్లకు అది మరీ అన్యాయం. వాళ్లెవరూ సరదాకి కొనడం లేదు.

సింగపూర్‌లో కథ వేరు. 1990 నుంచి అక్కడ కారు కొనాలంటే ముందు వేలంలో సర్టిఫికెట్ దక్కించుకోవాలి. అది పదేళ్లే చెల్లుతుంది. జపాన్‌లోని చాలా ప్రాంతాల్లో కారు పెట్టుకోవడానికి ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు చోటుందని పోలీసుల దగ్గర ధ్రువపత్రం తీసుకోవాలి. ఇంత కట్టడి చేసినా జనం పనులు ఆగలేదంటే కారణం వాళ్లకు రైళ్లు, బస్సులు ఉండటమే. బస్సు వేయకుండా కారు మీద పన్ను మాత్రం వేసే ప్రభుత్వాన్ని నేను సమర్థించను.

నన్ను నిజంగా బాధపెట్టేది వేరే ఉంది. కారు అవసరమైపోయిన ఊళ్లో కారు నడపలేనివాళ్లు ఏమవుతారు? పదిహేనేళ్ల పిల్లలు, చూపు తగ్గిన పెద్దవాళ్లు, కొన్నాళ్లు ఉండి వెళ్దామని వచ్చిన తల్లిదండ్రులు. దుకాణం కంటికి కనిపిస్తూనే ఉంటుంది. మధ్యలో ఆరు లేన్ల రోడ్డు. దాటాలంటే సిగ్నల్ ఎక్కడో ఉంటుంది, అక్కడి వరకూ ఫుట్‌పాత్ ఉండదు. గడ్డిలో నడిచి వెళ్లి, పచ్చ బొమ్మ వెలిగాక బయల్దేరితే సగం దాటేసరికి అంకెలు తగ్గిపోతుంటాయి. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో సంచులు. ఒకసారి ఇలా వెళ్లొచ్చిన పెద్దాయన రెండోసారి ఒంటరిగా వెళ్లడు, "శనివారం నువ్వు వెళ్లేటప్పుడు నన్నూ తీసుకెళ్లు" అంటాడు. సొంత కాళ్ల మీద తిరిగిన మనిషి పాల ప్యాకెట్ కోసం ఇంకొకళ్ల సెలవు దాకా ఆగడం చిన్న విషయం కాదు.

మొదటి కారు చాలాచోట్ల అవసరమే. పక్కింటివాళ్లను చూసి ఇంకా పెద్దది కొంటే దాన్ని మాత్రం అవసరమని అనొద్దు. అది ఇష్టం. ఇష్టపడి కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, కానీ పెద్ద కారు ముందు నడిచేవాడికి ప్రమాదం పెరుగుతుందన్న సంగతి కూడా గుర్తుండాలి.

ఊళ్లు మారతాయి. 2017లో అమెరికాలోని బఫలో నగరం కనీస పార్కింగ్ నిబంధన తీసేసింది. లక్సెంబర్గ్ 2020లో దేశమంతటా ప్రజా రవాణాను ఉచితం చేసింది. ఇలాంటివి ఓట్లతో, స్థానిక సమావేశాలతో జరుగుతాయి. ఇంటి విలువ, స్కూలు రేటింగు గురించి అంత గట్టిగా మాట్లాడే మనం, మన వీధికి ఫుట్‌పాత్ కావాలని, బస్సు ఆదివారం కూడా నడపాలని అడగడానికి ఎందుకు వెళ్లం?

మన తెలుగు అసోసియేషన్‌తోనే మొదలుపెడదాం. ఫంక్షన్‌కి హాలు చూసేటప్పుడు "పార్కింగ్ ఎంత ఉంది?" అన్నది మన మొదటి ప్రశ్న. దానితోపాటు ఆ హాలుకి బస్సో రైలో వస్తుందా, చివరి బస్సు ఎన్నింటికి అని కూడా కనుక్కోవాలి. అది లేకపోతే కారు లేనివాళ్లను ఎవరు తీసుకొస్తారో ఆహ్వానం పంపేటప్పుడే రాసిపెట్టాలి. వచ్చే కార్యవర్గ సమావేశంలో దీన్ని అజెండాలో చేర్చమని కోరుతున్నాను.