ఆడనివ్వండి బాబూ!

పిల్లలు పడుకున్నాక దొరికే ఆ కాస్త టైమ్‌లో వీడియో గేమ్ ఆడదామని కూర్చుంటే, అది నన్ను ప్రేక్షకుణ్ణి చేసేస్తోంది. హీరో ఏడుస్తాడు, విలన్ తన చిన్ననాటి గోడంతా వెళ్లబోసుకుంటాడు, కెమెరా కొండల చుట్టూ తిరుగుతుంది. సరే చూద్దామని కంట్రోలర్ పక్కన పెట్టి టీ అందుకుంటానా, సరిగ్గా అప్పుడే ‘బటన్ నొక్కు’ అంటుంది. నొక్కేలోపే హీరో అవుట్! మళ్లీ ఆ ఏడుపంతా మొదటి నుంచి.

గేముల్లో ఈ సినిమా పిచ్చి నిన్నటిది కాదు లెండి. 2008లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ 4 గేమ్‌లో ముగింపు సన్నివేశాలే గంటకు పైగా సాగుతాయి. 2019 నాటి డెత్ స్ట్రాండింగ్‌లో నార్మన్ రీడస్, మ్యాడ్స్ మికెల్సన్ లాంటి సినిమా నటులే దిగారు. నటన బాగుంది, కాదనను. కానీ సినిమాకే అయితే రెండొందల టికెట్ చాలు కదా! నాలుగైదు వేలు పోసి కొన్నది ఆడటానికి. పోనీ, స్కిప్ బటనైనా కనబడేలా పెట్టి చావొచ్చుగా!