పరీక్ష కాగితం లేని పవర్

మే నెలలో విజయవాడలో ఎవరైనా చేసి చూడదగ్గ చిన్న ప్రయోగం ఒకటుంది. తెల్లవారుజామున, 28 డిగ్రీల వేడి ఉన్నప్పుడు, ఒక చిన్న కారును డైనో ఎక్కించాలి. చక్రాలను రోలర్ల మీద తిప్పి ఇంజిన్ బలం కొలిచే యంత్రాన్ని డైనో అంటారు. అదే కారును మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండలో మళ్లీ ఎక్కించాలి. వేడెక్కిన గాలి పలచబడుతుంది. ఆ రెండు వేళల మధ్య గాలి సాంద్రతలో సుమారు 5 శాతం తేడా వస్తుంది. 83 హార్స్‌పవర్ ఇంజిన్‌కు అది దాదాపు నాలుగు హార్స్‌పవర్. కారులో ఒక్క నట్టు కూడా మార్చలేదు. ఇప్పుడు మధ్యాహ్నం కాగితం మీద ‘ముందు’ అని, ఉదయం కాగితం మీద ‘తర్వాత’ అని రాసి, రెంటి మధ్యా ఎర్ర రంగు ఎయిర్ ఫిల్టర్ బొమ్మ పెడితే ప్రకటన సిద్ధం.

వాతావరణం తేడాను సరిచేసే లెక్క డైనోలో ఉంటుంది, నిజమే. దాన్ని వాడాలో వద్దో, ఏ అంకె ఇవ్వాలో మాత్రం యంత్రం నడిపేవాడి ఇష్టం. అసలు మన ఊళ్లలో చాలామంది కొనుగోలుదారులకు ఆ కాగితమైనా దక్కదు. పార్టు బిగించిన కుర్రాడు పక్క సీట్లో కూర్చుని ఓ రౌండు కొట్టించి, ‘పికప్ తెలుస్తోంది కదన్నా’ అంటాడు. వేలు ఖర్చు పెట్టిన మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది?

చిన్న కారుకు బలం పెంచుకోవాలన్న కోరికను ఈ పత్రిక తప్పు పట్టడం లేదు. ఆ కోరికకు పెద్ద చరిత్రే ఉంది. ఇటలీలో 1949లో సంస్థ పెట్టిన కార్లో అబార్త్ చిన్న ఫియట్లకు సైలెన్సర్లు, ఇంజిన్ కిట్లు చేసి అమ్మి పేరు తెచ్చుకున్నాడు. తన రాశి వృశ్చికం కాబట్టి తేలును గుర్తుగా పెట్టుకున్నాడు. బ్రిటన్‌లో 848 సీసీ, 34 హార్స్‌పవర్‌తో వచ్చిన మినీని రేసు కార్ల నిర్మాత జాన్ కూపర్ పట్టుకున్నాడు. 1961లో వచ్చిన మినీ కూపర్ ఇంజిన్ 997 సీసీ, 55 హార్స్‌పవర్. మనవాళ్లు గమనించాల్సింది ఆ అంకెల పక్కనున్న మరో మార్పును. బలం పెరిగిన ఆ కారుకు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు కూడా వేశారు. పరిగెత్తించడం, ఆపడం ఒకే పనిలో రెండు సగాలని వాళ్లకు మొదటిరోజు నుంచీ తెలుసు. ఆ కారు 1964, 1965, 1967లలో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది. 1966లో మొదటి మూడు స్థానాల్లోనూ మినీలే వచ్చాయి. హెడ్‌లైట్లు నిబంధనకు సరిపోలేదని మూడింటినీ అనర్హం చేశారు. ఎదుటివాడి కళ్లు పోయేలా తెల్ల లైట్లు బిగించుకుని తిరిగే మన మిత్రులకు ఈ కథ చెప్పాలి.

ఇక పార్టుల సంగతి. అందరికంటే ముందు అమ్ముడుపోయేది ఎయిర్ ఫిల్టర్. గాలి ఎంత సులువుగా లోపలికి వెళితే అంత బలం అన్న మాటలో కొంత నిజముంది. కానీ ఫిల్టర్ ఉన్నది గాలిని పంపడానికే కాదు, దుమ్మును ఆపడానికి కూడా. ఆ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం. దుమ్మును ఎంత ఆపుతోంది, గాలికి ఎంత అడ్డం పడుతోంది, ఎంత దుమ్ము నిండేదాకా పని చేస్తుంది అన్నవి కొలవడానికి ఐఎస్‌ఓ 5011 అనే అంతర్జాతీయ పరీక్ష ఉంది. తెలిసిన పరిమాణంలో దుమ్ము పోస్తారు, ఎంత పట్టిందో, ఎంత దాటిందో తూస్తారు. డబ్బా మీద హార్స్‌పవర్ అంకె వేసేవారు ఈ పరీక్ష ఫలితం కూడా వేయాలి కదా. చీమకుర్తి గ్రానైట్ లారీల వెనక వెళ్లే కారుకు, వర్షం ఆగని ఊళ్లో తారు రోడ్డు మీద తిరిగే కారుకు ఒకే ఫిల్టర్ సరిపోతుందని ఎవరు పరీక్షించి చెప్పారు? దాటిపోయిన సన్నటి ఇసుక సిలిండర్ గోడల్ని గీకుతుంది. ఆ నష్టం మూడు నెలల్లో కనపడదు. మూడేళ్లకు కనపడుతుంది, అప్పటికి రసీదు కూడా ఉండదు. నూనె రాసి వాడే కాటన్ ఫిల్టర్లకైతే ఇంకో చిక్కుంది. నూనె ఎక్కువైతే ఆ తడి గాలిని కొలిచే సెన్సర్ మీద చేరి దాని లెక్క తప్పిస్తుంది. పైగా పెట్టె తీసేసి బానెట్ కింద ఖాళీగా బిగించే ఫిల్టర్ ఇంజిన్ పక్కనున్న వేడి గాలినే పీలుస్తుంది. మొదట్లో చెప్పిన వేడి గాలి లెక్క ఇక్కడ మళ్లీ పని చేస్తుంది, ఈసారి కొన్నవాడికి వ్యతిరేకంగా.

రీమ్యాప్ అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లోని లెక్కలు మార్చడం. గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెట్టే టర్బో ఉన్నచోట దీనివల్ల బలం బాగానే పెరుగుతుంది. టర్బో లేని చిన్న పెట్రోలు ఇంజిన్‌లో దక్కేది కొంచెమే. కంపెనీ ఇంజినీర్లు చలికి, ఎండకు, నాసిరకం పెట్రోలుకు, కొండ ఎక్కే లోడుకు తట్టుకోవాలని కొంత వెసులుబాటు ఉంచుతారు. రీమ్యాప్ చేసేవాడు అమ్మేది ఆ వెసులుబాటునే. చల్లటి ఉదయం ఖాళీ కారుతో అంతా బాగుంటుంది. ఏప్రిల్‌లో నలుగురిని ఎక్కించుకుని ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఇంజిన్ నాకింగ్, అంటే ఇంధనం అదుపు తప్పి మండి టకటకమనడం, మొదలైతే అసలు పరీక్ష అప్పుడు జరిగినట్టు, అదీ కొనుగోలుదారుడి ఖర్చుతో. ఈ విద్యను నిజాయితీగా చేసేవారు లేకపోలేదు. వాళ్లు ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడిని, నాకింగ్‌ను, ఇంధనం పాళ్లను నమోదు చేస్తూ వారాల తరబడి రోడ్డు మీద తిప్పుతారు. అదంతా చేసేవాడికీ, ఎక్కడి నుంచో దించిన ఫైలు పది నిమిషాల్లో ఎక్కించేవాడికీ బజారులో తేడా లేదు. తక్కువ ధర చెప్పినవాడిదే బేరం.

మెకానిక్ కారు లోపాలు చదవడానికి వాడే ఓబీడీ పోర్టులో గుచ్చితే మైలేజీ, పవర్ రెండూ పెరుగుతాయని అమ్మే ప్లాస్టిక్ డబ్బాల గురించి ఎక్కువ రాయక్కర్లేదు. విప్పి చూసిన చాలావాటిలో లైటు వెలిగించే చిన్న సర్క్యూటు తప్ప మరేమీ కనపడలేదు. యాక్సిలరేటర్ పెడల్‌కు పెట్టే మాడ్యూల్ కొంచెం తెలివైనది. సగం తొక్కితే ముప్పావు తొక్కినట్టు ఇంజిన్‌కు చెబుతుంది. పూర్తిగా తొక్కితే ఉండే బలం ఎంతో అంతే.

నవ్వుకుని వదిలేయలేనివి ఇంకొన్ని ఉన్నాయి. కారు ఎత్తు తగ్గించడానికి స్ప్రింగులు కోయించడం వాటిలో ఒకటి. కోసిన స్ప్రింగు గట్టిపడుతుంది, ప్రయాణం తగ్గుతుంది, షాక్ అబ్జార్బర్ మాత్రం పాత స్ప్రింగుకు సరిపడేదే ఉంటుంది. గుంటలో పడి లేచిన చక్రం రోడ్డును వదిలేసే క్షణాన బ్రేకు వేసినా, స్టీరింగ్ తిప్పినా ఉపయోగం లేదు. అల్లాయ్ వీల్ మరొకటి. చక్రాన్ని వంచుతూ లక్షల సార్లు తిప్పడం, బరువుతో ఒత్తి తిప్పడం, అంచు మీద బరువు పడేసి పగులు చూడటం అనే మూడు పరీక్షలు దానికి ప్రపంచమంతా ఉన్నాయి. మెరుపు చూసి కొన్న నకిలీ చక్రం ఆ మూడింటినీ హైవే మీదే రాస్తుంది.

మరి చట్టం ఏం చేస్తోంది? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకు చెందిన కేసులో ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. పార్టు అమ్మినవాడి మీదా సెక్షన్ ఉంది. కాకపోతే అది కీలక భద్రతా భాగాలుగా ప్రభుత్వం నోటిఫై చేసినవాటికే. ఫలితం మనం చూస్తున్నదే. ట్రాఫిక్ పోలీసులు కేకలు పెట్టే సైలెన్సర్లను ఊడబీకి, వరుసగా పేర్చి, కెమెరాల ముందు రోడ్డు రోలరు ఎక్కిస్తారు. మంచి పనే. ఆ సాయంత్రమే అదే ఊళ్లో అదే సైలెన్సర్ మళ్లీ అమ్ముడుపోతుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారు. నిలబెట్టిన కారు సైలెన్సర్‌లో గొట్టం పెట్టి చేసే ఆ పరీక్షలో రీమ్యాప్ దొరకదు. బీఎస్-6 కాలుష్య ప్రమాణాల ఇంజిన్ మీద ఉన్న, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పీకేసి ఖాళీ గొట్టం పెట్టే డీక్యాట్ వ్యాపారం ఇంకా సాగుతోందంటే ఈ పరీక్ష సత్తా ఏపాటిదో అర్థమవుతుంది. ఆ పని చేయించుకునే కారు యజమాని పదో పరకో హార్స్‌పవర్ కోసం వెనక బైకు మీద వచ్చేవాడికి విషం పోస్తున్నాడు. దీనికి ఏ అనుమతీ, ఏ మినహాయింపూ ఉండకూడదని మా అభిప్రాయం.

కానీ మంచి బ్రేకు ప్యాడ్ వేసుకున్నవాడినీ, పరీక్షకు నిలిచిన సస్పెన్షన్ పెట్టుకున్నవాడినీ డీక్యాట్ చేయించినవాడి పక్కనే నిలబెట్టడం న్యాయం కాదు. ఏ మార్పయితే బండిని సురక్షితం చేస్తుందో, ఏది చెడగొడుతుందో తేల్చే దారే లేకపోవడం ఇక్కడి అసలు లోపం. దారి లేని చోట పని దొంగచాటుగా సాగుతుంది. దొంగచాటు పనికి పరీక్ష ఉండదు, రసీదు ఉండదు, ప్రమాదం జరిగాక బీమా కూడా ఉండదు. చెప్పకుండా మార్పులు చేశారని క్లెయిమ్ తిరస్కరించే అవకాశం కంపెనీకి మనమే ఇచ్చినట్టవుతుంది.

ఆ దారి మనకు తెలియనిదేమీ కాదు. సీఎన్‌జీ కిట్ల విషయంలో ఎప్పుడో వేసుకున్నాం. కిట్ తయారీదారు దాన్ని పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి వాహన పరీక్షా సంస్థ దగ్గర పరీక్ష చేయించి అనుమతి తెచ్చుకుంటాడు. యజమాని ఆమోదం పొందిన వర్క్‌షాప్‌లో బిగించుకుంటాడు. ఆర్‌సీలో నమోదవుతుంది. బీఎస్-6 కార్లకూ ఈ వీలు 2022లో ఇచ్చారు. గ్యాసు సిలిండర్‌ను డిక్కీలో పెట్టుకుని తిరగడానికి నమ్మకమైన పద్ధతి కనిపెట్టగలిగిన ప్రభుత్వానికి, ఒక స్ప్రింగుకు, ఒక ఎగ్జాస్ట్‌కు కనిపెట్టడం కష్టమా? జర్మనీలో పార్టుతో పాటే అనుమతి పత్రం వస్తుంది. అవసరమైనవాటికి టీయూవీ వంటి తనిఖీ సంస్థ ఇంజినీరు బిగింపు కూడా చూసి సరే అంటాడు. కాలిఫోర్నియాలో పొగ మీద ప్రభావం చూపే పార్టుకు అక్కడి గాలి నాణ్యత బోర్డు ఇచ్చిన నంబరు ఉండాలి. తనిఖీ రోజున నంబరు లేకపోతే కారు ఫెయిల్.

చేసేవాళ్లు లేరా అంటే ఉన్నారు. మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి రేసు కారు తెచ్చిన కరివర్ధన్ ఊరు కోయంబత్తూరు. అక్కడి జయెం ఆటోమోటివ్స్‌తో కలిసి టాటా మోటార్స్ 2018లో టియాగో జేటీపీ తెచ్చింది. మామూలు టియాగో పెట్రోలు 85 పీఎస్ (హార్స్‌పవర్‌కు దాదాపు సమానమైన కొలత) ఇస్తే ఇది టర్బోతో 114 పీఎస్ ఇచ్చింది. ఇంజిన్ మార్చి ఊరుకోలేదు, గేర్లు, సస్పెన్షన్, స్టీరింగ్ అన్నీ మళ్లీ సర్దారు. బీఎస్-6 వచ్చాక ఆ కారు ఆగిపోయింది. వ్యాపారంగా అది నిలవలేదు గానీ, పనిని ఎలా చేయాలో చూపించింది. మన దగ్గర విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లేత్ మీద నూరో వంతు మిల్లీమీటరు పట్టుకోగల చేతులున్నాయి. మన ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు సొంతంగా కట్టిన బండ్లతో ఏటా బాహా, సుప్రా పోటీలకు వెళుతున్నారు. బాహాలో పోటీకి ముందే బ్రేకు పరీక్ష ఉంటుంది. నాలుగు చక్రాలూ ఒక్కసారే లాక్ కాకపోతే బండిని ట్రాక్ ఎక్కనివ్వరు. ఆ క్రమశిక్షణ నేర్చుకున్న పిల్లవాడు డిగ్రీ చేతికొచ్చాక సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో చేరుతున్నాడు. ఆటోనగర్‌లో అతనికి పనీ లేదు, కొలిచే యంత్రమూ లేదు.

రోడ్ల మీద ఇంతమంది చనిపోతుంటే కార్ల వేగం పెంచే పార్టులకు అనుమతులేమిటని అడిగేవారికి మా సమాధానం ఉంది. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. అందులో 71 శాతం అతివేగం లెక్కలోనే పడ్డాయి. ఆ అంకె మాకూ నిద్ర పట్టనివ్వదు. అందుకే మేము అడుగుతున్నది లైసెన్సులు పంచమని కాదు. బలం పెంచే పార్టుకు అనుమతి కావాలంటే దానికి తగ్గ బ్రేకు, టైరు కూడా అదే కిట్‌లో భాగంగా పరీక్షకు రావాలి. పొగ, శబ్దం పరిమితి దాటితే అక్కడే ఆగిపోవాలి. ఈ గడప దాటలేనివే ఇప్పుడు బజారులో ఉన్నవాటిలో ఎక్కువని మా అనుమానం.

కేంద్ర రవాణా శాఖ సీఎన్‌జీ కిట్ల నమూనాలోనే చక్రాలు, బ్రేకులు, సస్పెన్షన్, ఎగ్జాస్ట్, ఇంజిన్ సాఫ్ట్‌వేర్‌లకు అనుమతి నిబంధనలు రాయాలి. అనుమతి లేని పార్టు అమ్మినవాడికి, కొన్నవాడికి పడే దానికంటే ఎక్కువ జరిమానా పడాలి. పరీక్షల ఖర్చు చిన్న వర్క్‌షాప్‌లు మోయలేవన్నది న్యాయమైన అభ్యంతరమే. దానికి రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలు చేయగలిగింది ఉంది. చిన్న పరిశ్రమల క్లస్టర్లకు ఉమ్మడి సదుపాయ కేంద్రాలు పెట్టే కేంద్ర పథకం ఎలాగూ ఉంది. దాని కింద విజయవాడ ఆటోనగర్‌లో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి డైనో కేంద్రాలు పెట్టి, గంటకు ఇంతని అద్దె తీసుకుని, గాలి వేడి, టైరు గాలి, పెట్రోలు రకం అన్నీ అచ్చయిన కాగితం చేతికివ్వాలి. నడిపే బాధ్యత దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీకి అప్పగించాలి.