సవరణ: ఫ్యాన్ సెన్సార్ కోసం 'లాక్స్' పెట్టమన్న ముక్క గురించి

వైజాగ్ ఉక్కపోతలో ఫ్యాన్ స్పీడు చూసుకుందామంటే లైనక్స్‌లో ఐటీ87 డ్రైవర్ (మదర్‌బోర్డు మీద ఫ్యాన్లు, ఉష్ణోగ్రతలు చూసే చిప్‌ని నడిపే ప్రోగ్రామ్) 'రిసోర్స్ కాన్‌ఫ్లిక్ట్' అని, అంటే ఆ చిప్ పోర్టులు బయోస్ కూడా వాడుతుండొచ్చని, ఆగిపోతే, బూట్ లైన్లో (లైనక్స్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే ఆప్షన్లలో) ఏసీపీఐ_ఎన్‌ఫోర్స్_రిసోర్సెస్=లాక్స్ (lax, అంటే పట్టు సడలించడం; తాళం 'లాక్' కాదు) పెడితే పనైపోతుందని మొన్నటి పోస్టులో రాశాను. పనవుతుంది, నిజమే. కానీ అది చూసి మధురవాడ తమ్ముడొకడు ఆఫీసు సర్వర్లో కూడా పెట్టేస్తానంటున్నాడు. ఆగు బాబూ.

ఆ చిప్‌తో పని రెండు అడుగుల్లో జరుగుతుంది: మామూలుగా హెక్స్ 295 పోర్టులో (చిప్‌తో మాట్లాడే చిరునామాలో) రిజిస్టర్ (చిప్ లోపలి గడి) నంబరు రాయాలి, తర్వాత 296లో విలువ చదవాలి లేదా రాయాలి. ఈ రెండింటి మధ్యలో బయోస్ (బోర్డులోనే ఉండే ఫర్మ్‌వేర్) తాలూకు ఏసీపీఐ కోడ్ (పవర్, హార్డ్‌వేర్ సంగతులు చూసేది) దూరి 295లో ఇంకో నంబరు రాసిందనుకోండి, డ్రైవర్ వేరే రిజిస్టర్ని చదువుతుంది, లేదా రాసే విలువ వేరే రిజిస్టర్లో పడుతుంది. టెంపరేచర్ తప్పు చూపిస్తే పర్లేదు గానీ ఫ్యాన్ కంట్రోల్లో పడితే టెన్షనే. డ్రైవర్ తన లోపల ఎన్ని లాకులు (ఒకేసారి ఇద్దరు వాడకుండా వేసే తాళాలు) వేసుకున్నా ఫర్మ్‌వేర్‌కి వాటి సంగతే తెలీదు.

పైగా 'లాక్స్' అన్ని డ్రైవర్లకీ గేట్లు ఎత్తేస్తుంది. తప్పదనుకుంటే ఐటీ87 ఒక్కదానికే వర్తించే ఇగ్నోర్_రిసోర్స్_కాన్‌ఫ్లిక్ట్ పారామీటర్ ఉంది, రిస్కు మాత్రం అదే. గిగాబైట్ బోర్డయితే ముందు గిగాబైట్_డబ్ల్యూఎంఐ డ్రైవర్ చూడండి, అది ఫర్మ్‌వేర్‌నే అడుగుతుంది (ఉష్ణోగ్రతలే ఇస్తుంది, ఫ్యాన్ స్పీడు రాదు).

సొంతంగా డ్రైవర్ రాసేవాళ్లయితే, రిక్వెస్ట్_రీజియన్ (పోర్టుని తనకోసం అడిగే ఫంక్షన్) నల్ ఇచ్చిందంటే, అంటే పోర్టు దొరకలేదంటే, ప్రోబ్ (డ్రైవర్ మొదలయ్యే ఫంక్షన్) నుంచి ఈబిజీ (EBUSY, 'వాడుకలో ఉంది') ఎర్రర్ ఇచ్చి బయటికొచ్చేయండి, ఆ పోర్టుని ముట్టుకోవద్దు.