సొరంగం గారూ, మట్టి ఎక్కడ?

శ్రీయుత సొరంగం గారికి,
విశాఖపట్నం నుంచి ఒక అకౌంట్స్ గుమస్తా రాయు లేఖ.
విషయం: తవ్విన మట్టికి లెక్క చెప్పుట గురించి.

అయ్యా,

రెండు నాలుకల వాళ్ళని చాలామందిని చూశాను. మీకు ఏకంగా రెండు నోళ్ళు. ఏ నోటిని అడిగితే జవాబు వస్తుందో తెలియక మధ్యలోకి రాస్తున్నాను.

నేను పోర్టు దగ్గర ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. వచ్చిందెంత, పోయిందెంత, సాయంత్రానికి రెండూ కలవాలి. అందుకే మీ పేరు వినగానే అందరికీ చీకటి, దాని చివర వెలుగు గుర్తొస్తే, నాకు మాత్రం ఒకటే అనుమానం: ఆ మట్టి ఏ పద్దులో రాశారు?

జానపద సినిమాల్లో మీ దర్జా చూడాలి. రాజుగారి పడగ్గదిలో సింహం బొమ్మ చెవి మెలిపెడితే గోడ పక్కకి జరుగుతుంది. లోపల కాగడాలు అప్పటికే వెలుగుతుంటాయి. నూనె ఎవడు పోశాడో తెలీదు. సాలెగూడు హీరో మొహానికి తగలదు, వెనకొచ్చే కమెడియన్ మొహానికే తగులుతుంది. మా నాయనమ్మ టీవీ ముందు కూర్చుని ప్రతి సినిమాకీ ఒకటే అడిగేది: "తవ్వినోడు తవ్వినాడు, మరి మట్టేటి సేసినాడే?" ఆవిడ వయసులో ఉండగా నూతుల దగ్గర తట్టలు మోసింది. ఎంత లోతు తవ్వితే గట్టున ఎంత గుట్ట లేస్తుందో ఆవిడకి మెడనొప్పితో సహా తెలుసు.

మా గాజువాక మామయ్య ఇంకో మెట్టు పైన. విజయనగరం కోట నుంచి సింహాచలం దాకా గుర్రం పరిగెత్తేంత సొరంగం ఉందంటాడు. తను చూడలేదు, చూసినవాళ్ళని చూశాడు. యాభై కిలోమీటర్లకి అటూ ఇటూ దూరం. అంత రాయీ మట్టీ బయటికొస్తే కైలాసగిరి పక్కన ఇంకో కైలాసగిరి లేవాలి కదా మామయ్యా అంటే, "అప్పటి మనుషుల బలమే వేరు తల్లీ" అని టీ కప్పు అందుకుంటాడు.

ఈ విషయంలో వ్యాసులవారికి దండం పెట్టాలి. లక్క ఇంటికి విదురుడు పంపిన మనిషి ఊరికే తవ్వలేదు. కందకం తవ్వుతున్నట్టు నటిస్తూ సొరంగం తవ్వాడు. మట్టి మొత్తం కందకం ఖాతాలోకి పోయింది. నోటికి నేలతో సమానంగా చెక్కమూత బిగించాడు. ఇల్లు కాలాక, బూడిద ఎత్తే నెపంతో వచ్చి ఆ కాస్త కన్నం కూడా తనే పూడ్చేశాడు. ఏ ఆడిటరూ పట్టుకోలేడు. ఇంత పనిమంతుడికి భారతంలో పేరు లేదు. ఖనకుడు అంటారు, అంటే తవ్వేవాడు, అంతే.

ఆ రాత్రి అక్కడ విందు తిని, తాగి నిద్రపోయిన నిషాద స్త్రీకీ ఆమె ఐదుగురు కొడుకులకీ కూడా పేర్లు లేవు. కింద సొరంగం ఉందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. తెల్లారి, ఆ ఇల్లు కట్టించిన దుర్యోధనుడి మనిషి పురోచనుడు పోగా ఆరు శవాలు దొరికాయి. కుంతి, ఐదుగురు పాండవులు: లెక్క సరిపోయిందన్నారు. లెక్క సరిపోతే సంతోషించే ఉద్యోగం నాది. ఈ లెక్క దగ్గర మాత్రం అన్నం సహించదు.

రైలు సంగతికొద్దాం. అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ లైనులో మీరు 58 మంది. 1960లలో ఛత్తీస్‌గఢ్‌ వైపు బైలదిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించి జపాన్ పంపడానికి మిమ్మల్ని తొలిచారు. మన కోసం కాదు, మనం తర్వాత దూరాం. ఇప్పుడు అద్దాల బోగీకి ఎక్కువ టికెట్ పెట్టుకుని, పైకప్పు కూడా అద్దమే కదా అని మెడలెత్తి మీ చీకటిని చూస్తున్నాం. బొడ్డవర దాటాక మొదలు, మీరు వచ్చినప్పుడల్లా బోగీ బోగీ ఓ అని అరుస్తుంది. పిల్లలు మొదలెడతారు, పెద్దాళ్ళు ఆపరు. ఆ చీకట్లోనే పల్లీలమ్మే కుర్రాడు వేలికొసలతో తడిమి చిల్లర ఇస్తాడు. వెలుతురొచ్చాక లెక్కపెట్టుకున్నాను, రూపాయి తేడా లేదు. మా ఆఫీసులో ట్యూబులైట్ల కింద కూడా అంత శుభ్రంగా ఎవరూ లెక్కపెట్టరు.

ఆ దారిలోనే బొర్రా గుహలు. మీ వంశంలో నిజాయితీ ఉన్నది ఆ పెద్దాయనకే. సున్నపురాయిని నీళ్ళు కొద్దికొద్దిగా కరిగించుకుని, గోస్తనీ మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో జమ చేశాయి. కొంత మళ్ళీ బొట్టు బొట్టుగా లోపలే పేర్చాయి, అందులో ఒకదాన్ని మనం శివలింగమన్నాం. యుగాలు పట్టింది. టెండరు లేదు గనక ఆలస్యమైందని ఎవరూ అడగలేదు.

ఇంజనీర్ల సొరంగానికి గురువు ఒక పురుగని తెలుసా? లండన్‌లో థేమ్స్ నది కింద సొరంగం వేసిన మార్క్ బ్రూనెల్‌కి దారి చూపింది ఓడల చెక్క తొలిచే సముద్రప్పురుగు. పురుగంటాం గానీ అది ఆల్చిప్పల జాతి. మన హార్బరు నీళ్ళలోనూ ఉంది, ఆంధ్రా యూనివర్సిటీ జువాలజీ వాళ్ళు దాని మీద పరిశోధనలు చేశారు. తల దగ్గర రెండు బుల్లి చిప్పలతో చెక్కని గీరుతుంది, గీరిన పొట్టు మింగుతుంది, వెనక గోడకి సున్నం పూసుకుంటూ పోతుంది. తవ్విందంతా పొట్టలోకే, రశీదు అక్కర్లేదు. బ్రూనెల్ ఇనప చట్రంలో 36 అరలు పెట్టి, అరకొకణ్ణి నిలబెట్టి తవ్వించాడు. వెనకే తాపీవాళ్ళు ఇటుక కట్టుకొచ్చారు. 1825లో మొదలెడితే 1843కి తెరిచారు. మధ్యలో నది లోపలికొచ్చింది. 1828లో ఆరుగురు పోయారు. మళ్ళీ ఆరు.

ఇక నా సొంత ఫిర్యాదు. మీరు నా చేతిలో కూడా ఉన్నారట. మణికట్టు దగ్గర ఎనిమిది చిన్న ఎముకలు నేలా గోడలూ, పైన మందపాటి పట్టీ కప్పు. అందులోంచి వేళ్ళు ముడిచే తొమ్మిది టెండన్లు (కండరాన్ని ఎముకకి కట్టే తాళ్ళు), ఒకే ఒక్క నరం. కార్పల్ టన్నెల్ అని పేరు. టెండన్ల చుట్టూ పొర ఉబ్బిందనుకోండి, ఎముక జరగదు, పట్టీ సాగదు. ఉమ్మడి కుటుంబంలో మెత్తటి కోడలి మీద పడ్డట్టు అందరూ నరం మీద పడతారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలులో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెనవేలు మాత్రం హాయిగా ఉంటుంది, దాని నరం పక్క సందులోంచి వస్తుంది. ఇదంతా రాత్రిపూటే ఎక్కువ. నిద్దట్లో లేచి చెయ్యి విదిలిస్తుంటే మా ఆయన దుప్పట్లోంచే "ఎవర్ని పొమ్మంటున్నావే?" అంటాడు.

డాక్టరు బెల్టు ఇచ్చాడు. మౌసు తగ్గించమన్నాడు, అదేదో నేను సరదాకి పట్టుకుంటున్నట్టు. తగ్గకపోతే ఆ పట్టీని కోసేస్తారట. ఇరుకైన సొరంగాన్ని వెడల్పు చేయడానికి కప్పు చీల్చేయడం! తవ్వకమూ లేదు, తట్టెడు మట్టీ లేదు. నా లెక్కకి మొదటిసారి దొరక్కుండా పోయారు, ఒప్పుకుంటున్నాను.

కానీ సిల్క్యారాని వదలను. 2023 నవంబరు 12న ఉత్తరాఖండ్‌లో మీరు కూలారు, లోపల 41 మంది. పెద్ద మిషను తెచ్చారు. ఇంకో పన్నెండు మీటర్లు ఉందనగా అది విరిగి ఇరుక్కుంది. అప్పుడు ఎవర్ని పిలిచారు? ఎలుక బొరియల్లా తవ్వే కూలీలని. మేఘాలయ బొగ్గు గనుల్లో ప్రమాదమని 2014లో గ్రీన్ ట్రైబ్యునల్ నిషేధించిన పద్ధతి అది. 800 మిల్లీమీటర్ల గొట్టంలో దూరి, ఒకడు తవ్వితే ఒకడు ఎత్తి, ఇంకొకడు ట్రాలీలో నింపితే బయటివాళ్ళు లాగారు. 28న 41 మందీ బయటపడ్డారు. మట్టిని దాచుకోడానికి ఆ గొట్టంలో చోటే లేదు, ప్రతి తట్టా బయటికి రావాల్సిందే. మా నాయనమ్మ ఉంటే ఆ రాత్రి టీవీ కట్టనిచ్చేది కాదు.

మా అరకు లైనుకి డబ్లింగ్ పనులు నడుస్తున్నాయి. అంటే మీ ఇంట కొత్త పిల్లలు పుడుతున్నారు, శుభం. వాళ్ళ పొట్టలోంచి వచ్చే రాయీ మట్టీ గెడ్డల్లో పడనివ్వకండి, కొండ దిగువన ఆ నీళ్ళతోనే ఊడుపులు. ఎక్కడ పోశారో బోర్డు మీద రాయించండి. కాంట్రాక్టరు పేరు కింద చోటుంటుంది. తవ్వినవాళ్ళ పేర్లు కూడా రాస్తే బోర్డు పెద్దదైపోతుందంటారా? పెద్దదే పెట్టించండి. రేకుకి ఎంతవుతుందో కొటేషన్ పంపితే చూస్తాను.

ఇట్లు,
మట్టి లెక్క తేలక పుస్తకం మూయలేకపోతున్న,
అకౌంట్స్ గుమస్తా, విశాఖపట్నం