ఎండ కొనుక్కొనుటకు రివియేరా యాత్రావిధి

ఫ్రాన్సు దక్షిణాన మధ్యధరా సముద్రతీరమైన ఫ్రెంచి రివియేరాలో అమ్మే సరుకు ఎండ. అది బెజవాడలో ఉచితం, రామగుండంలో అయితే ఎదురిచ్చి పంపుతారు. అయినా కొని తీరాలనుకున్న భక్తుల కోసమే ఈ విధి.

19వ శతాబ్దపు ఆంగ్లేయ ధనికులు అక్కడికి చలికాలంలో వెళ్ళేవారు. వేసవి రాగానే బంగళాలకు తాళాలేసి వచ్చేసేవారు. సరిగ్గా ఆ తాళాలేసే వేళకే ఇప్పుడు మనం సూట్‌కేసులతో దిగుతాం.

వీసా రుసుం 90 యూరోలు. వీసా ఇవ్వకపోయినా అది తిరిగి రాదు. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. దరఖాస్తు 6 నెలల ముందు నుంచే తీసుకుంటారు గనుక మొక్కులు అప్పుడే మొదలుపెట్టవచ్చు.

అక్కడి పెద్ద ఊరు నీస్. దాని తీరంలో ఇసుక లేదు. అన్నీ గుండ్రాళ్ళే. రబ్బరు అడుగున్న నీటి చెప్పులు తప్పనిసరి. నాలుగడుగులు వేసేసరికి లోతు నిలువు దాటుతుంది. దిగడం తేలికే, బయటికి రావడమే విద్య: వెనక్కి మళ్ళే అల కాళ్ళ కింది రాళ్ళను కూడా లాక్కుపోతుంది. తెలిసినవాళ్ళు వీపున తోసే అల కోసం ఆగి, పరువు సముద్రానికి వదిలేసి, చేతులూ మోకాళ్ళూ ఆన్చి పైకి పాకుతారు.

రాళ్ళు గుచ్చుకుంటే పరుపులు అద్దెకిస్తారు. అంటే తీరానికి వెళ్ళి, తీరం ఒంటికి తగలకుండా ఉండడానికి డబ్బు కట్టడమన్న మాట. సహజ తీరాల్లో 80 శాతం జనానికి ఖాళీగా వదలాలని ఫ్రాన్సులో నిబంధన. అక్కడ తువ్వాలు పరుచుకున్నా ఎండ అదే. ఫొటోలో మాత్రం హోదా పడదు. ఇసుకే కావాలంటే రైలెక్కి కాన్ అనే ఊరికి వెళ్ళాలి. అక్కడిదీ చాలావరకు తెచ్చి పోసిందే.

అదే తీరంలోని సాన్ ట్రోపే ఊరికి రైలు లేదు. ఆగస్టులో కారెక్కితే సముద్రం కన్నా ముందున్న బండి వెనక అద్దాన్నే ఎక్కువసేపు చూస్తారు. సాంత్ మాక్సిమ్ దాకా వెళ్ళి పడవెక్కితే పావుగంట.

మొనాకో కేసినోలో ఆ దేశ పౌరులు జూదమాడకూడదు. ఆ భాగ్యం అతిథులకే ప్రత్యేకం.

చాలా హోటళ్ళలో మధ్యాహ్నం 2 దాటితే పొయ్యి ఆర్పేస్తారు, మళ్ళీ 7కే వెలిగేది. సీసా నీళ్ళకు బిల్లు పడకుండా 'కరాఫ్ దో' అడగండి. కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి. ఆకలికి తట్టుకోలేకపోతే నీస్ పాతబస్తీలో సొక్కా ఉంది: శనగపిండి, దానికి రెట్టింపు నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి, వెడల్పాటి రాగి పళ్ళెంలో కట్టెల పొయ్యిలో కాల్చిన అట్టు. వేడి తగ్గితే సాగుతుంది, నిలబడే తినేయాలి. చట్నీ అడక్కండి. మిరియాల పొడి చల్లుతారు.